సూర్‌లో నేను కంప్యూటర్‌నైన రోజులు

డెబ్బైల చివర్లో నేను ఒమాన్‌లోని సూర్‌లో, సముద్రం ఒడ్డునున్న చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉండేదాన్ని. మాది కాకినాడ దగ్గర. మా పెద్ద డాక్టరు గారిది గుంటూరు వైపు. అంత దూరం వెళ్ళినా తెలుగాయన కిందే డ్యూటీ పడిందని మా అమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పిందట. ఆయన కోపం ఆవిడ చూడలేదు కదా.

ఆయన హస్తవాసి మంచిదని ఊరంతా నమ్మేది. రోగి గుమ్మం దాటి వచ్చి కూర్చునేలోపే జబ్బు పేరు చెప్పేసేవారు. చాలాసార్లు అదే నిజమయ్యేది. కానప్పుడు తప్పు రోగిది.

ఒక చలికాలంలో ఇంగ్లండు నుంచి ఒక తెల్ల డాక్టరు వచ్చాడు. వైద్యం చదివి కంప్యూటర్ల వైపు మళ్ళినవాడు. మొదటి రోజే మా డాక్టరు గారితో, "మీ తలలో ఉన్నదంతా బయటికి తీయాలని వచ్చాను" అన్నాడు. ఈయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

అతను వివరించాడు. దాన్ని ఎక్స్‌పర్ట్ సిస్టమ్ అంటారట. ఒక పనిలో ఆరితేరిన మనిషిని కూర్చోబెట్టి, ఆయనకు తెలిసిందంతా 'ఇలా ఉంటే ఇది' అనే చిన్న చిన్న నియమాలుగా విడదీసి మిషన్‌కు ఎక్కిస్తారు. మిషన్ ఒక్కొక్క ప్రశ్నే అడుగుతుంది. జవాబుల్ని నియమాలతో సరిచూసుకుని జబ్బేమిటో, ఆ మాట ఎంత నమ్మకంగా అంటోందో చెబుతుంది. ఈ ప్రశ్న ఎందుకడిగావంటే కారణం కూడా చెప్పాలి. డాక్టరు లేని ఊళ్ళో అది డాక్టరు పని చేస్తుంది.

"డాక్టరున్న ఊళ్ళో?" అన్నారు మా డాక్టరు గారు.

"మీకు తోడుగా ఉంటుంది."

"నాకు తోడెందుకు?" అన్నారు గానీ, తన బుర్ర ఇంగ్లండు వెళుతుందన్న మాట ఆయనకు నచ్చింది. రోజూ ఓపీ అయిపోయాక ఇద్దరూ వరండాలో కూర్చునేవారు. నేను టీ ఇచ్చి, అక్కడే దూది చుట్టుకుంటూ వినేదాన్ని.

"జ్వరం మనిషిని చూడగానే మలేరియా అని ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది."

"అంటే ఏం చూస్తారు?"

"మనిషిని చూస్తాను."

అతను పెన్ను పట్టుకుని కూర్చునేవాడు. నమ్మకం ఎంతో పదికి చెప్పమంటే మా డాక్టరు గారు ప్రతిదానికీ పదే అనేవారు. తొమ్మిది అనిపించడానికి అతనికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఎలాగో కొన్ని నియమాలు తేలాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్క కార్డు మీద రాసి, వారం తర్వాత చదివి వినిపించాడు. సగంలోనే ఈయన ఎగిరిపడ్డారు.

"ఎవడు చెప్పాడిది? వీడికి వైద్యం రాదు!"

"మీరే చెప్పారు సార్," అన్నాను నేను.

"అప్పుడు వేరే రోగి సంగతి చెప్పానమ్మాయ్."

దానితో ఇంకో కార్డు పుట్టింది.

సూర్‌లో కంప్యూటర్ లేదు. అందుకని పరీక్షకు నన్నే కంప్యూటర్‌ని చేశాడు. "కార్డులో ఉన్నదే అడగండి సిస్టర్. సొంత తెలివి వాడకండి." నర్సింగ్ స్కూల్లో మాకు మొదట నేర్పింది అదే కాబట్టి నాకేమీ కష్టం అనిపించలేదు.

మొదటి రోగి కరీంనగర్ నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. ఎదురుగా డాక్టరు గారు నోరు మూసుకుని కూర్చోవాలని షరతు. చలి పుడుతోందా, జ్వరం రోజు విడిచి రోజు వస్తోందా అని నేను అడుగుతుంటే అతనికి అనుమానమొచ్చింది.

"గివన్నెందుకు అడుగుతున్నవ్ సిస్టరమ్మా?"

అది ఇంగ్లీషులో చెప్పగానే తెల్లాయన మొహం వెలిగిపోయింది. నేను కార్డు చూసి, "చలితో మొదలై రోజు విడిచి రోజు వస్తే మలేరియా కావచ్చు, అందుకని" అన్నాను.

"గట్లనా! డాక్టర్ సాబ్‌కు ఎన్నిమార్లు చూపిచ్చుకున్న, ఒక్కనాడు గిట్ల చెప్పలే."

డాక్టరు గారు లేచి సిగరెట్టుకు వెళ్ళిపోయారు. రక్తపరీక్షలో మలేరియానే తేలింది.

తర్వాత కొన్నాళ్ళకు డాక్టరు గారికే జ్వరం పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి కాగిపోవడం, చెమటలు, నడుం నొప్పి. తనకు తానే మలేరియా అని తేల్చుకుని మాత్రలు మింగారు. తగ్గలేదు. రక్తంలోనూ ఏమీ కనపడలేదు. తెల్లాయన మొహమాటపడుతూనే కార్డులు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

అడుగుతూ పోయాను. ఒక కార్డు దగ్గర, "పచ్చిపాలు తాగారా సార్?" అన్నాను.

"లేదు."

"ఒంటెపాలైనా, మేకపాలైనా?"

"పచ్చిపాలు తాగొద్దని ఈ ఊరందరికీ చెప్పేదే నేను. తర్వాతది అడుగు."

కార్డులు టైఫాయిడ్ దగ్గర ఆగాయి. ఎనిమిది పాళ్ళ నమ్మకం. ఆ మందే మొదలుపెట్టాం.

మర్నాడు పొద్దున ఎడారి నుంచి ఒంటెలు మేపుకునే బెదూ తెగ పెద్దాయన ఒకాయన వచ్చాడు. ఆయన భార్యకు ఆ ఏడే మా డాక్టరు గారు పురుడు పోసి బతికించారు. చేతిలో పెద్ద గిన్నె, నిండా ఒంటెపాలు.

"డాక్టరుకు బాగాలేదట కదా. ఇప్పుడే పిండించి తెచ్చాను, నురుగు చావకముందే తాగమను. మా గుడారానికి వస్తే రెండు గిన్నెలకు తక్కువ తాగడు," అన్నాడు అరబ్బీలో.

తెల్లాయనకు అరబ్బీ రాదు. నేను ఇంగ్లీషులో చెప్పాను. డాక్టరు గారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

అందరూ వెళ్ళాక నెమ్మదిగా అన్నారు, "ప్రేమగా ఇస్తే, కాచి ఇవ్వండి అని ఎలా అంటామమ్మాయ్? వాళ్ళకెంత అవమానం!"

"మరి నేనడిగినప్పుడు చెప్పొచ్చుగా సార్?"

"పక్కన ఆ తెల్లాయన ఉన్నాడుగా."

రక్తం మస్కట్ పంపిస్తే, పచ్చిపాల వల్ల వచ్చే మాల్టా జ్వరమని తేలింది. వారాల తరబడి ఇంజెక్షన్లు. అన్నీ నేనే చేశాను, ఆయన ప్రతిసారీ చిన్నపిల్లాడిలా అరిచారు.

తెల్లాయన మాత్రం కుదేలైపోయాడు. నియమం సరైనదే, లెక్కా సరైనదే అని కార్డులు తిప్పుతూ గొణుక్కున్నాడు. చివరికి ఉండబట్టలేక, "రోగి అబద్ధం చెబుతున్నాడని మీకెలా తెలుస్తుంది?" అని మంచం మీదున్న డాక్టరు గారినే అడిగాడు.

"మొహం చూస్తే తెలిసిపోతుంది," అన్నారాయన.

అతను అది రాసుకోలేదు.

కార్డులన్నీ పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏడాది దాటాక వచ్చాడు. మిషన్ బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నాడు. మా ఆడవాళ్ళ వార్డుకన్నా పెద్ద గదిలో పెట్టారట. ఎప్పుడూ ఏసీ, కరెంటు పోనే పోదు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వచ్చి ప్రశ్నలు వేసి, తమ మాటే అదీ అన్నదని మెచ్చుకుని వెళుతున్నారట.

"మరి ఇక్కడికెప్పుడు తెస్తారు?" అన్నాను.

"ఇక్కడ నడవదు సిస్టర్. ఈ ఎండ, ఈ దుమ్ము, మీ జనరేటరు... అక్కడైతేనే నడుస్తుంది."

డాక్టర్లు లేని చోటు కోసం చేసిన మిషన్‌ను డాక్టర్ల మధ్యలోనే ఉంచుకోవాల్సి వచ్చింది. మా డాక్టరు గారికి అదేమీ పట్టలేదు. ఆ వారమంతా వచ్చిన ప్రతి రోగికీ, తన బుర్ర ఇంగ్లండులో చల్లటి గదిలో ఉందని అరబ్బీలో గొప్పగా చెప్పారు. చేపల వ్యాపారి ఒకాయన అది విని కంగారుపడి, తీసినప్పుడు బాగా నొప్పి పుట్టిందా అని అడిగాడు.