కౌంటర్ లేని రిసార్ట్

కరోనా ఆంక్షలు సడలిన తర్వాతి చలికాలంలో నన్ను జెద్దా కార్యాలయం నుంచి జిజాన్ సైట్ ఆఫీసుకు సీనియర్ ఆర్కిటెక్టుగా బదిలీ చేశారు. అక్కడి కొండల్లో ఒక తెగవారు తమ ఉమ్మడి భూమిలో రిసార్ట్ కట్టుకోదలిచారు. అమెరికాలో ఆదివాసీ తెగల కోసం జూదశాలల రిసార్టులు గీయడమే వృత్తిగా బతికిన ఆర్కిటెక్టులున్నారని కాకినాడ గ్రంథాలయంలో ఎప్పుడో చదివాను. కాలేజీ నాకు గీయడం నేర్పింది. మిగతాదంతా గ్రంథాలయాల చలవే. ఇక్కడ జూదం మాటే లేదు. కానీ యజమాని ఒక మనిషి కాక ఒక తెగ అయితే పని ఎలా ఉంటుందో ఆ చదువు వల్ల కొంత ఊహించగలిగాను.

మా పని అప్పుడు కాన్సెప్ట్ దశలో ఉంది. అంటే ఇనుము, సిమెంటు లెక్కలు ఉండవు. అతిథి ఎటు నుంచి ఎటు నడుస్తాడో చూపే బొమ్మలే. వాటి మీద యజమాని సంతకం పడితేనే తర్వాతి దశ. మొదటి డిజైన్‌ను తెగ పెద్దలు కారణం చెప్పకుండా తిప్పి పంపారు. రెండోదీ పోతే పని వేరే కంపెనీకి వెళుతుంది, జిజాన్ ఆఫీసు మూతపడుతుంది, మాలో చాలామందికి ఫైనల్ ఎగ్జిట్, అంటే వీసా రద్దై స్వదేశానికి ప్రయాణం.

రెండో సమావేశం తెగ నాయకుడైన షేక్ గారి మజ్లిస్‌లో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే పెద్ద గదిలో జరిగింది. నాతో మా ఈజిప్టు ప్రాజెక్ట్ మేనేజరు, దుబాసీగా ఆఫీసులో పనిచేసే కడప మస్తాన్ వలీ ఉన్నారు. అరబ్బు కాఫీ మర్యాదలు చదువుకునే వెళ్ళాను: కప్పు కుడిచేత్తో అందుకోవాలి, చాలనుకుంటే కాస్త ఊపి ఇవ్వాలి.

రిసెప్షన్ బొమ్మ చూడగానే పెద్దలు తలలు అడ్డంగా ఊపారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అంతలో కాఫీ పోశారు. ఇంకో షీటు తీద్దామని, తాగకుండానే కప్పు తివాచీ మీద పెట్టాను. పెద్దలంతా ఆ కప్పు వైపే చూశారు.

“ఏంది సార్, కప్పు కింద పెడితిరి?” అన్నాడు మస్తాన్ గొంతు తగ్గించి. “తాగకుండా పెడితే మీకేదో కోరికుందని లెక్క. తీరుస్తానని ఆయన మాటిచ్చేదాకా మీరు తాగరన్నమాట.”

షేక్ అప్పటికే ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. “అబ్షిర్, యా ముహందిస్!”

“అడిగింది ఇచ్చినట్టే ఇంజనీరూ, అంటాండాడు. బిన్నా అడగండి సార్!”

నేను చదివిన పుస్తకంలో ఈ సంగతి లేదు. సంతకం అడగమని మేనేజరు మోచేత్తో పొడిచాడు. అడిగితే షేక్ కాదనరు, ఆఫీసు నిలుస్తుంది. కానీ ఇష్టం లేని సంతకంతో మొదలైన పని ప్రతి దశలోనూ వెనక్కి వస్తుంది. అందుకే, కొత్త అతిథి వస్తే ఏం చేస్తారో గేటు దగ్గర్నుంచి మాకు చేసి చూపమని కోరాను.

“ఇదేం కోరిక సార్! కొత్త కారడిగినా ఇచ్చుండునే!” అంటూనే మస్తాన్ అరబ్బీలో చెప్పాడు. పెద్దలు పగలబడి నవ్వారు. ముందు ఆ కాఫీ తాగమన్నారు షేక్.

మమ్మల్ని గేటు బయటికి పంపారు. షేక్ స్వయంగా ఎదురొచ్చి, కొత్తవాళ్ళను చూసినట్టే ఆశ్చర్యపడి, చెయ్యి పట్టి లోపల కూర్చోబెట్టారు. ఖర్జూరాలు, కాఫీ అయ్యాకే ఒక ముసలాయన గంభీరంగా మాది ఏ ఊరని అడిగారు. కాకినాడ అన్నాను. ఆయన నాలుక తిరగక అవస్థపడుతుంటే మా మేనేజరు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

అప్పుడు షేక్ నా బొమ్మ తీసి, కౌంటర్ ముందు సంచితో నిలబడ్డ మనిషిని వేలితో చూపారు.

“ఈయనేం తప్పు చేసినాడని నిలబెట్టినారు, అని అడుగుతాండాడు సార్.”

అక్కడే పెన్సిల్‌తో కౌంటర్ కొట్టేశాను. దాని చోట దిండ్లు, కాఫీ పొయ్యి గీశాను. అతిథి ముందు కూర్చుంటాడు, తాగుతాడు. ఆ తర్వాత సిబ్బందే వచ్చి పేరు రాసుకుంటారు. సంతకం ఆ కాగితం మీదే పడింది. ఆ రిసార్ట్ పూర్తయ్యేదాకా జిజాన్‌లోనే పనిచేశాం.

అతిథి నడిచే దారిని గీసేముందు యజమాని ఇంట్లో ఆ దారిని ఒకసారి నడవాలి. ఆ తర్వాత ప్రతి ప్రాజెక్టులోనూ మొదటి సమావేశానికి డ్రాయింగులు లేకుండానే వెళ్ళాను. ఇచ్చిన కప్పును మాత్రం ముందు ఖాళీ చేసేవాణ్ణి.