నూలు దారపు చొక్కాలు

మొన్న గూడూరు బజారులో అచ్చమైన నూలు దారం రీలు ఒకటి అడిగితే, కొట్లో మనిషి నవ్వి, ఇప్పుడన్నీ పాలిస్టరువేనమ్మా అన్నాడు. ఒట్టి చేతులతో ఇల్లు చేరేదాకా మా మేనత్తే మనసులో మెదులుతూ ఉండింది.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, శ్రీహరికోటలో రాకెట్లు అప్పుడప్పుడే ఎగరడం మొదలైన రోజులవి. భర్త పోయాక మా అత్త సూళ్లూరుపేటలో కుట్టు మిషను పెట్టుకుని బతికేది, ఇంకా పెళ్లి కాని నేను ఆమెకు తోడుగా ఉంటూ పని నేర్చుకునేదాన్ని. రాకెట్లో నింపే మందు కలిపేచోట పనిచేసేవాళ్లకు చొక్కాలు కుట్టే పని ఆమెకు దొరికింది. ఆ మందు దగ్గర చిన్న నిప్పురవ్వ పుట్టినా మనుషులు మిగలరట. టెర్లిన్ లాంటి పాలిస్టరువి రాపిడికి రవ్వ పుట్టిస్తాయి కనుక గుడ్డా దారమూ రెండూ నూలువే కావాలి, ఇనుప గుండీ ఒక్కటీ ఉండకూడదు. ఇదంతా చెప్పడానికి వచ్చిన ఆఫీసరుగారు ఎంతో చదువుకున్న మనిషి, అయినా మా అరుగు మీద కూర్చుని, మాకు అర్థమయ్యేదాకా ఓపికగా చెప్పినారు.

ఒకసారి ముప్పై చొక్కాలు ఇవ్వాల్సిన రోజుకు ముందురోజు, అత్త చిల్లకూరులో బంధువుల ఇంటికి వెళ్లి ఉండగా, నా దగ్గర నూలు దారం అయిపోయింది. కొట్టుకు పోవడానికి బద్ధకించి, పెట్టెలో ఉన్న టెర్లిన్ దారంతో నాలుగు చొక్కాల అంచులు కుట్టేసినాను. తెల్ల గుడ్డలో తెల్ల దారం, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని సాయంత్రం అత్త వచ్చినా చెప్పలేదు. మర్నాడు పొద్దున ఆఫీసరుగారు జీపులో వచ్చి, మూట ఎక్కించుకుంటూ, ఇవి తొడుక్కోబోయేవాళ్లలో ఒకతనికి ఆ వారమే కూతురు పుట్టిందని మాటవరసకు అన్నారు. అత్తను వంటింట్లోకి పిలిచి ఉన్నదంతా చెప్పేసినాను.

ఆమె నన్ను తిట్టలేదు. నేరుగా బయటికి వెళ్లి, "సార్, మూట దించండి. మా పిల్ల నాలుగింటికి వేరే దారం వేసింది" అనింది.

"ఏ నాలుగో చెప్పమ్మా, అవి తీసేద్దాం" అన్నారాయన నాతో.

నాకు గుర్తు లేదు.

"అయితే ముప్పై చొక్కాలూ విప్పుతాము, రెండు దినాలు ఇవ్వండి" అనింది అత్త.

పని చేజారినట్టే అనుకున్నాను. ఆయన మాత్రం, చెప్పి మంచి పని చేసినారమ్మా అని అత్తకు దణ్ణం పెట్టి, ఖాళీ జీపుతో తిరిగిపోయినారు. ఒక్కో చొక్కా నుంచి పోగు తీసి దీపం మీద పెట్టినాము. నూలైతే బూడిద అవుతుంది, టెర్లిన్ అయితే కరిగి పూసలా ముడుచుకుంటుంది. నాలుగూ దొరికినాక నేను ఊపిరి పీల్చుకున్నాను గానీ, అత్త మాత్రం ఆ ముప్పైకీ అంచులు విప్పించి కొత్త నూలు దారంతో కుట్టించింది.

కొన్ని నెలలకు రాకెట్టు ఎగిరిన రోజు ఊరంతా మిద్దెలెక్కింది. నిప్పుల తోకతో అది మబ్బుల్లో దూరిపోతుంటే నాకు ఒళ్లు జలదరించింది. అత్త మాత్రం మిద్దె దిగి బస్టాండుకు పోయి, చొక్కాలకు కొలతలిచ్చి పోయిన పనివాళ్లు సాయంత్రం బస్సు దిగుతుంటే ఒక్కొక్కరినే చూసుకుని, అందరూ వచ్చినారని వాళ్లు చెప్పినాకే అన్నం తినింది.

ఇప్పుడు రాకెట్టు ఎగిరితే మా వీధిలో సగంమంది ఫోనులోనే చూస్తారు, తక్కినవాళ్లు చప్పుడు విని మళ్లీ పనిలో పడతారు. అంత మామూలైపోయిందంటే దాని వెనక ఎందరి జాగ్రత్త ఉందోనని నాకు గర్వంగానే ఉంటుంది. ఆ చొక్కాలు ఇప్పుడు ఎక్కడ ఎవరు కుడుతున్నారో తెలియదు. తొడుక్కునే మనుషుల ముఖాలు ఆ కుట్టేవాళ్లకూ తెలిసి ఉండవు. మా అత్తకు తెలుసు.