ఈ ఏడు పేరు అడగమన్న నర్సమ్మగారు

మంగళవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా ఊరి నర్సమ్మగారు గుండె ఆగి పోయారు. ఆవిడకు డెబ్బై ఒక్క ఏళ్లు. ఆసుపత్రి వార్డుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత చేసిన పని ఒక్కటే. పెద్దవయసులో వచ్చే మతిమరుపు ఒక జబ్బని బందరులోను, గుడివాడలోను, దివిసీమ ఊళ్లలోను తిరిగి చెప్పడం. చెప్పమని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

నేను తొమ్మిదింటికి ఆ ఇంటికి వెళ్లాను. వీధి గుమ్మం పక్కన మేకుకి ఒక పలక వేలాడుతోంది. రోజూ నిద్ర లేవగానే ఆవిడ దాని మీద మూడు విషయాలు రాసుకునేవారు: తేదీ, వారం, రాత్రి తిన్న కూర. ఏ రోజు తప్పు రాస్తే ఆ రోజు తనకు చెప్పమని, దాచవద్దని చెల్లెలి కూతురికి ఎప్పుడో చెప్పి ఉంచారు. మంగళవారం పలక మీద తేదీ సరిగ్గా ఉంది. వారం సరిగ్గా ఉంది. కూర దొండకాయ. వండిన చెల్లెలి కూతుర్ని అడిగాను. దొండకాయే.

బుధవారానికల్లా సంతాప సభ ఆహ్వానం అచ్చయి వచ్చింది. ఊళ్లో పెద్దమనుషుల క్లబ్బు ఒకటుంది. దాని కార్యదర్శి పేరున్న ప్లీడరు. ఆహ్వానంలో నర్సమ్మగారిని 'సేవామూర్తి' అన్నారు. అదే క్లబ్బు హాలు నెలకొక పూట ఇవ్వమని ఆవిడ మూడేళ్ల కిందట పెట్టుకున్న అర్జీ నా దగ్గర ఉంది. దాని మీద ఎర్ర సిరాతో 'అప్రస్తుతం' అని ఉంది. రెండింటి కిందా సంతకం ఒకటే.

అర్జీ ఇచ్చిన రోజు విలేకరిగా నేను అక్కడే ఉన్నాను. క్లబ్బులో పేకాట గురించి వార్త రాయడానికి కాదు, వార్షికోత్సవం వివరాల కోసం.

"పిచ్చివాళ్ల గురించి మన హాల్లో మీటింగేంటండీ నర్సమ్మగారూ, నలుగురూ ఏవనుకుంటారు?" అన్నాడు ప్లీడరు.

"ఆ నలుగురూ ఎవరండీ? ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నాను, ఒక్కడూ దొరకలేదు" అన్నారావిడ.

ఆవిడ మెత్తని మనిషి కాదు. సంతాప సభలో అందరూ ఆవిణ్ణి మెత్తని మనిషిని చేస్తారు కాబట్టి ముందే రాసి పెడుతున్నాను. సోమరి మనుషులంటే ఆవిడకు అసహ్యం. అందులో మొదటి వరస డాక్టర్లది, రెండోది పత్రికలవాళ్లది. వయసు మీద పడిందమ్మా అని రోగిని వెనక్కి పంపేసే డాక్టరుని చూసి, "ఆయన చదువుకున్న పుస్తకం ఆఖరి పేజీలు చినిగిపోయాయేమో" అనేవారు. మా పేపరుకి ఆవిడ తెచ్చిచ్చిన ప్రకటనలు రెండుసార్లు నేను వేయలేదు. ఆ రెండు రోజులూ ఆ చోట్లో ఒక సినిమా తార జలుబు గురించి వేశాం. మూడోసారి వచ్చి, "ఏవయ్యా విలేకరీ, ఆవిడకి జలుబు తగ్గిందా?" అని అడిగారు. అప్పట్నించి వేశాను.

హాలు దొరకలేదు కాబట్టి పాఠం మిషను సాయెబుగారి కొట్టు అరుగు మీద జరిగేది. సాయెబుగారు దర్జీ. వాళ్లమ్మగారికి ఇదే జబ్బు వచ్చి, గాలి సోకిందని రెండేళ్లు తాయెత్తులు కట్టించాక నర్సమ్మగారు కనబడ్డారు. అప్పట్నించి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆయన మిషను ఆపేసేవారు. వినడానికి మొదట నలుగురైదుగురు వచ్చేవారు. తర్వాత ఇరవై దాకా వచ్చారు. పెడన నుంచి అద్దకం పనివాళ్లు వచ్చేవారు. అవనిగడ్డ బస్సు కండక్టరొకాయన డ్యూటీ మధ్య ఖాళీలో వచ్చి, టిక్కెట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

ఆవిడ చెప్పేది పెద్ద వైద్యం కాదు. రక్తపోటు చూపించుకోండి, ఉప్పు తగ్గించండి, నడవండి అనేవారు. "మెదడుకీ అదే రక్తం వెళ్తుంది. దానికోసం వేరే రక్తం ఎక్కడా కాచి పెట్టలేదు." చెవుడు వచ్చినవాళ్లని మతిపోయినవాళ్ల కింద జమ కట్టకండి అనేవారు. కూరలో ఉప్పు వేయడం మర్చిపోతే అది మామూలు మరుపు. యాభై ఏళ్లు వండిన చెయ్యి పొయ్యి ముందు నిలబడి ఎలా మొదలుపెట్టాలో తెలియక వణికితే అది జబ్బు. దానికి మందుందా అని ఎవరన్నా అడిగితే లేదని నిక్కచ్చిగా చెప్పేవారు. "దాచినవాళ్లకీ మందు లేదు, చెప్పినవాళ్లకీ లేదు. కాని చెప్పినవాళ్లకి ఊరి కళ్లు సాయం ఉంటాయి."

డెబ్బై ఏడులో వచ్చిన ఉప్పెన తర్వాత ఆవిడ దివిసీమలో చాలా రోజులు తిరిగారు. అక్కడి సహాయ శిబిరాల్లో కాస్త తడబడిన ప్రతి ముసలిమనిషినీ 'ఉప్పెన దెబ్బ' అనేసి కాగితాలు మూసేస్తున్నారు. ఒక ముసలమ్మ పొద్దున్నే లేచి కొడుకేడని అడిగేది. నీళ్లలో పోయాడని వాళ్లూ వీళ్లూ నిజం చెప్పేవారు. ఆవిడ ఏడ్చేది. మర్నాడు లేచి మళ్లీ అడిగేది, మళ్లీ చెప్పేవారు. "ఉప్పెన చూసి మాట పడిపోయినవాళ్లు వేరు, ఉప్పెననే మర్చిపోయినవాళ్లు వేరు. ఒక్క కొడుకుని ఆవిడ కళ్లముందు నెలరోజులు రోజూ చంపారు. ఏం సత్యవంతులయ్యా మీరు" అన్నారు నర్సమ్మగారు, సాయం చేయడానికి వచ్చిన యువకులతో. ఆ తర్వాత ఆ ముసలమ్మ అడిగినప్పుడల్లా కొడుకు చిన్నతనం సంగతులు చెప్పించుకుని కూర్చోమని పక్కింటివాళ్లకు నేర్పారు. వాళ్ల కాలంలోకి మనం వెళ్లాలి, వాళ్లని మన కాలంలోకి ఈడవకూడదు. ఇది అరుగు మీద ప్రతి వారం చెప్పే మాట.

ఇక ప్లీడరుగారి తండ్రి సంగతి. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. ఊరంతా పెద్ద మాస్టారంటారు. క్లబ్బులో ఉగాది పంచాంగ శ్రవణం ఏటా ఆయనదే. మన వైపు పెద్దవాళ్ల బుర్ర పరీక్షించే పద్ధతి ఒకటుంది. ప్రభవ, విభవ అంటూ అరవై సంవత్సరాల పేర్లూ వరసగా చెప్పమంటారు. తప్పు లేకుండా చెబితే మతి బాగానే ఉన్నట్టు. పెద్ద మాస్టారు ఈ ఉగాదికి కూడా వేదిక మీద ఆఖరి పేరు అక్షయ దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పారు. చప్పట్లు కొట్టారు. ప్లీడరు నా దగ్గరికి వచ్చి, "మా నాన్నగారి ధారణ గురించి రెండు ముక్కలు రాయండి" అన్నాడు. రాశాను.

సభ అయ్యాక నర్సమ్మగారు ప్లీడరుని పక్కకి పిలిచారు. "చిన్నప్పుడు నోటికొచ్చింది ఆఖరున పోతుంది. అది మతికి గుర్తు కాదండీ. ఇంటికెళ్లాక, ఎవరూ లేనప్పుడు, ఈ ఏడు పేరేమిటో అడగండి."

"మా నాన్నగారి బుర్ర మీకన్నా నాకన్నా పదునండీ" అన్నాడాయన.

ఆయన అడగలేదు. ఆయన భార్య అడిగింది. పెద్ద మాస్టారు కోడలి వంక జాలిగా చూసి, "విక్రమ నామ సంవత్సరం. ఆ మాత్రం తెలియదామ్మా?" అన్నారు. ఈ ఏడు సిద్ధార్థి. విక్రమ వచ్చి ముప్పై తొమ్మిదేళ్లయింది. ఆ ఏడు ఆయన మోపిదేవి బడిలో కొత్తగా ఉద్యోగంలో చేరారు.

కోడలు సాయెబుగారి చేత మావగారి చొక్కాలన్నిటికీ జేబు లోపలివైపు ఎర్రదారంతో ఇంటి పేరు, వీధి కుట్టించింది. అది నర్సమ్మగారు నేర్పిన పనే. నెల తిరక్కుండా ప్లీడరు వాటిని చూసి, గడ్డం గీసుకునే బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తెంపేశాడు. చాకలి చూస్తాడని. నడవడం మంచిదని నర్సమ్మగారు అంటే పొద్దున్నే పెరట్లో తిప్పడానికి ఒప్పుకున్నాడు. వీధిలోకి వద్దన్నాడు.

జూలైలో ఒక సోమవారం పెద్ద మాస్టారు ఇంట్లోంచి వెళ్లిపోయారు. గుడివాడలో కూతురింటికి వెళ్లారని ప్లీడరు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు. స్టేషన్లో చెప్పలేదు. పేపర్లో వేయించలేదు. మూడు రోజులు కోర్టుకి వెళ్లి వాదించి వచ్చాడు. ఒక కేసు గెలిచాడు కూడా.

ఆ మూడు రోజులూ పెద్ద మాస్టారు మోపిదేవి గుడి దగ్గర సత్రం అరుగు మీద ఉన్నారు. భక్తులకి అరవై సంవత్సరాలూ చెబుతున్నారు. మహా పండితుడనుకుని వాళ్లు కాళ్లకు దండం పెట్టి, అరటిపళ్లూ పులిహోరా ఇచ్చి వెళ్తున్నారు. ఆయన కాళ్లకు చెప్పులు లేవు. మడమ పగిలి చీము పట్టింది. కాళ్లకు దండం పెట్టినవాళ్లెవరికీ ఆ మడమ కనబడలేదు. ఏ ఊరు మీది అని ఒక్కరూ అడగలేదు. అంత పాండిత్యం ఉన్నాయనకి ఊరు తెలియకపోవడం ఏమిటి?

బుధవారం అవనిగడ్డ నుంచి వస్తూ కండక్టరు ఆయన్ని చూశాడు. బస్సు ఆపించాడు. ఆ మధ్యాహ్నం ఏం చేశాడో తర్వాత నాకు చెప్పాడు.

"ఏడు పేరు అడగలేదండి, నలుగురిలో అడగొద్దన్నారుగా అమ్మగారు. ముందు నా పేరు నేనే చెప్పాను. తర్వాత, మాస్టారూ, ఇవాళ బడికి సెలవిచ్చేశారండి, బందరెళ్లే బస్సు ఇదే అన్నాను. అలాగా, హెడ్మాస్టరు చెప్పాడా అన్నారు. చెప్పారండి అన్నాను. వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు."

బస్సు దిగాక కండక్టరు పెద్ద మాస్టార్ని తిన్నగా నర్సమ్మగారికి అప్పగించాడు. సాయంత్రం ఐదింటికి ఆవిడ ఆయన్ని చెయ్యి పట్టుకుని మా ఆఫీసుకి తీసుకొచ్చారు. "ఈ మూడు రోజుల్లో ఫలానా మనిషి కనబడలేదని ఎవరన్నా ప్రకటన తెచ్చారా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే రా, సాక్ష్యం కావాలి" అన్నారు. ముగ్గురం నడుచుకుంటూ వెళ్లాం. ఆయన మడమకి ఆవిడ పైటచెంగు చింపి కట్టిన కట్టు ఉంది.

ప్లీడరు గుమ్మంలోకి వచ్చాడు. తండ్రి వంక చూశాడు, మా వంక చూశాడు, వీధికి అటూ ఇటూ చూశాడు. ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట నేను అప్పుడే పుస్తకంలో రాసుకున్నాను.

"ఎవరన్నా చూశారా అండీ?"

"బస్సులో యాభై మంది చూశారు. మోపిదేవిలో మూడు రోజులూ భక్తులు చూశారు. చూడనిది మీ ఇంట్లో మీరొక్కరే" అన్నారు నర్సమ్మగారు.

లోపల్నించి కోడలు వచ్చి పెద్దాయన్ని పట్టుకుంది. "మావగారూ, నేనండీ, మీ కోడల్ని" అంది. ఆయన నవ్వి లోపలికి వెళ్లారు. ఆ సంగతి నేను పేపర్లో రాయలేదు. రాయొద్దని ప్లీడరు ఆ సాయంత్రమే మనిషిని పంపాడు. నర్సమ్మగారు మాత్రం, "ఆ ఇంట్లో చెప్పాల్సిన మనిషి ఇంకొకరున్నారు. ఆవిడ చెప్పాక రాయి" అన్నారు. ఆ రెంటిలో నేను విన్నది ఏదో నాకు ఖచ్చితంగా తెలియదు. తేలికైనదే విని ఉంటాను.

ఆహ్వానంలో మొదటి అంశం, 'పెద్ద మాస్టారి ఆశీర్వచనం, సంవత్సర నామ పఠనం'. నర్సమ్మగారి సంతాప సభలో. పది మంది ముందు ఏ పరీక్ష పెట్టకూడదని ఆవిడ అరుగు మీద గొంతు పోయేలా చెప్పారో, ఆ పరీక్ష ఆవిడ ఫోటోకి దండేసి మరీ పెడుతున్నారు.

గురువారం మధ్యాహ్నం ప్లీడరుగారి భార్య మా ఆఫీసుకి ఒక్కతే వచ్చింది. చేతిలో ఒక ఫోటో, రూళ్ల కాగితం ఉన్నాయి. కాగితం మీద తన చేతిరాతతో రాసింది: మా మావగారికి మతిమరుపు జబ్బు ఉన్నది. దారి తప్పి కనబడితే దయచేసి ఈ వీధిలో ఈ ఇంటికి చేర్చండి. కింద తన పేరే సంతకం.

"జూలైలో వేయించాల్సిందండి. అప్పుడు ధైర్యం చాల్లేదు" అంది. "ఆవిడ ఉండగా చేసుంటే బావుండేది."

"ప్లీడరుగారికి తెలుసాండీ?"

"ఆయన ఏడింటికి కాఫీ తాగుతూ పేపరు చదువుతారు. అప్పుడు తెలుస్తుందండి. మేం ఆరున్నరకే బయల్దేరతాం."

"సభకి తీసుకొస్తారా ఆయన్ని?"

"వేదిక ఎక్కించను. మూడింటికి సాయెబుగారి అరుగు మీదికి తీసుకెళ్తాను. ఈ వారం పాఠం కండక్టరుగారు చెప్తారట."

ఇది ఆదివారం పేపరు. విజయవాడ నుంచి బందరు బస్టాండుకి ఆరింటికి వస్తుంది. ఆవిడ ఇచ్చిన ప్రకటన ఈ వ్యాసం కిందే ఉంది, ఫోటోతో సహా. క్లబ్బు సభ ఇవాళ పది గంటలకు. పాఠం మూడింటికి, ఎప్పటిలాగే. ఆరున్నరకు పెద్ద మాస్టారు కోడలి చెయ్యి పట్టుకుని నడకకు వస్తారు. పెరట్లోకి కాదు, వీధి గుమ్మంలోంచి. ఆయన మడమ ఇంకా పూర్తిగా మానలేదు కాబట్టి మెల్లగా నడుస్తారు.

ఎదురైతే, నన్ను గుర్తుపట్టారా అని అడగకండి. మీ పేరు మీరే చెప్పండి.