తాళం లేని వైపు

నా చిన్నప్పుడు ఊరంతట్లో పెద్ద తాళం మా ఇంటిదే. రాజోలు దిగువన ఒక లంకలో వడ్రంగం చేసుకునే కుటుంబం మాది. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కడుతున్నారని చెయ్యి తిరిగిన వడ్రంగులంతా ఆ పనికి తరలిపోతుంటే మా నాన్న కూడా వెళ్లాడు. వెళ్లేముందు కాకినాడ నుంచి కొబ్బరికాయంత తాళం తెప్పించి అమ్మ చేతిలో పెట్టాడు. ఇంట్లో మిగిలింది అమ్మ, పదేళ్ల నేను, రెండు కళ్లూ పొరలు కమ్మేసిన మా తాతయ్య. ఆ తాళం చూసుకుని నేను పడ్డ మిడిసిపాటు ఇంతా అంతా కాదు.

ఆ ఏడు ఊడ్పుల రోజుల్లో పట్టపగలే దొంగతనాలు మొదలయ్యాయి. ఊరంతా చేలల్లో ఉండగా రెండిళ్లలో గాదెలు ఖాళీ అయిపోయాయి. తాళాలు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి! ఇదేదో మంత్రగాళ్ల పని అని ఆడవాళ్లంతా గుమ్మాలకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు. అమ్మా కట్టింది. మా గాదెలో ఉన్నది రైతులకి నాగళ్లు చేసిపెట్టినందుకు కళ్లాల దగ్గర ఇచ్చిన ధాన్యం. మళ్లీ కోతల దాకా మాకు తిండి అదే. అది పోతే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలియదు.

ఒక మధ్యాహ్నం నేనూ అమ్మా ఊడ్పుల నుంచి వచ్చేసరికి అరుగు మీద తాతయ్య లేడు. తాళం వేసే ఉంది. లోపల ఎవరో దగ్గారు. అమ్మ తాళం తీసి చూస్తే, తాతయ్య గాదెకి జారబడి దర్జాగా బెల్లంముక్క చప్పరిస్తున్నాడు.

"తాతయ్యా, లోపలికెలా వచ్చేవు?" అన్నాను.

"కళ్లున్నోళ్లంతా తాళం వైపే చూస్తన్నారే అమ్మడూ. నేను తడుముకుంటా రెండో వైపుకెళ్లేను. ఆయ్, అంతే!" అన్నాడు.

మా లంకల్లో తలుపుని మేకులతో బిగించరు. దాని ఒక పక్కన కిందా పైనా ఉన్న మొనలు గుంటల్లో తిరుగుతాయి. వరద వస్తే తలుపు ఎత్తి తీసేసి, అటక మీద వేసుకుని, దాని మీద పిల్లల్నీ సామాన్లనీ కాపాడుకునేవాళ్లం. అందుకని తలుపు పైన బొటనవేలంత సందు వదలడం మా వాళ్ల పద్ధతి. ఆ సందు ఉంటే చాలు, కింద గునపం పెట్టి ఎత్తితే మొన గుంటలోంచి ఊడొస్తుంది. దూరడానికి దారి దొరుకుతుంది. వెళ్లేటప్పుడు మళ్లీ దించేస్తే తాళం ఎప్పటిలాగే వేలాడుతుంది.

తాతయ్య మొహంలో నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఊళ్లో సగం తలుపులు ఆయన చేసినవే. దోపిడీ జరిగిన ఆ రెండిళ్లవి కూడా. "ఆ సందు వదిలింది నేను. మూయాల్సిందీ నేనే," అన్నాడు. అలాగని పూర్తిగా మూసేస్తే వరదలో తలుపు ఊడదు. లోపలున్నవాళ్లకి తీయడానికి రావాలి, బయటివాడికి రాకూడదు. చింతచేవతో చిన్న దిమ్మ చేసి ఆ సందులో మొన పక్కన కూర్చోబెట్టి, లోపలివైపు నుంచి చీలతో బిగించాలని ఆయన ఆలోచన. చూపు లేదు కాబట్టి ఉలి నా చేతికిచ్చాడు.

అమ్మ లబోదిబోమంది. మా ఇళ్లలో ఆడవాళ్లు పనిముట్లకి దణ్ణం పెట్టాలే గాని పట్టుకోకూడదు. "మావయ్యగారండీ, ఆడపిల్ల ముట్టుకుంటే ఇంటికి అరిష్టమండీ," అని బతిమాలింది. "గాదె పోతే అంతకంటే అరిష్టం ఏముంటాదమ్మా?" అని తాతయ్య నా వేళ్ల మీద తన వేళ్లు వేసి పని మొదలుపెట్టాడు.

మొదటి దిమ్మ పిడికెడు ముక్కలైంది. చెక్క నార ఎటు పోతుందో చూసుకోకుండా కొట్టాను. రెండోది మరీ బిగుతై తలుపే తిరగలేదు. ఉలి జారి ఎడం బొటనవేలు తెగింది. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. తాతయ్య నా వేలికి పసుపు అద్ది, ఇంకో ముక్క నా ఒళ్లో పడేసి, మళ్లీ మొదలెట్టమన్నాడు. ఇక చాల్లే అంటాడని ఆశపడ్డాను. అనలేదు! మూడు రోజులకి వంకరటింకర దిమ్మ ఒకటి సందులో కూర్చుంది. తాతయ్య బయట నిలబడి గునపంతో ఎంత ఎత్తినా తలుపు కదల్లేదు.

తర్వాత వారం తిరక్కుండానే మేం చేలో ఉండగా ఎవరో వచ్చారు. తాతయ్య ఆ పూట పక్క వీధిలో ఉన్నాడు. తిరిగొచ్చి చూస్తే గడప అంచు చెక్కలు చెక్కలుగా లేచిపోయి ఉంది, తలుపు కింద గునపం దెబ్బలు. వాడెవడో చాలాసేపే పెనుగులాడాడు. తలుపు మాత్రం ఊడలేదు. అమ్మ గాదెలోకి చెయ్యి పెట్టి గుప్పెడు ధాన్యం తీసి చూసుకుని, అక్కడే కూలబడి భోరున ఏడ్చింది.

మర్నాడు నన్ను లేపింది అమ్మే. మొహం కడిగించి, ఉలి చేతికిచ్చి, పక్కింటి అత్తయ్యగారి తలుపు చూసి రమ్మంది. వరదలు వచ్చేలోపు తాతయ్యా నేనూ వీధి వీధంతా తిరిగాం. దోపిడీ జరిగిన ఆ రెండిళ్లకీ మాత్రం తాతయ్య పక్కింటి కంటే కూడా ముందే వెళ్లాడు. ఆ గుమ్మాల ముందు ఆయన తల వంచుకుని నిలబడటం నేను చూశాను. తప్పు చేసినవాడు దాన్ని సరిచేయడానికి తనే నడిచి వెళ్లాలని అప్పుడే నేర్చుకున్నాను.

నాన్న తిరిగొచ్చాక ఆ వంకర దిమ్మ తీసేసి నున్నటిది పెడతానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. నేను అత్తారింటికి వెళ్లేటప్పుడు పసుపు కుంకాల పక్కన ఆ ఉలిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది కూడా అమ్మే. ఇప్పుడు నాకు మనవలున్నారు, చేతులు వణుకుతున్నాయి. అయినా ఇంట్లో ఏ తలుపు మొరాయించినా కొడుకుల్ని పిలవను. ఉలి నూరుకుని నేనే లేస్తాను.