షమాల్ నుంచి ముంతజాకు, గడువు తీరిన కార్డుతో

లాస్య మందు సీసాలో రెండు రోజులకు సరిపడా సిరప్పు మాత్రమే మిగిలినప్పుడు ఈ ప్రయాణం తప్పలేదు. లాస్య మా అమ్మాయి. తొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే మెదడుకు దెబ్బ తగిలింది. నడవదు, మాట్లాడదు, మందు ఒక్క పూట తప్పినా ఫిట్స్ వస్తాయి. మా ఆయన శ్రీనివాస్ దోహాకు ఉత్తరాన ఉన్న మదీనత్ అల్ షమాల్‌లో ఒక చిన్న కాంట్రాక్టింగ్ కంపెనీలో సైట్ సూపర్‌వైజర్. కంపెనీ కాగితాలు ఎక్కడో ఆగిపోయి అందులో పనిచేసే ఎవరి రెసిడెన్సీ కార్డూ రెన్యూ కాలేదు. ఆయన కార్డుతోపాటు నాదీ, లాస్యదీ గడువు తీరి మూడు నెలలైంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు హెల్త్ కార్డు కూడా ఆగిపోయింది. డాక్టరు చీటీ లేకుండా ఆ సిరప్పు ఏ మందుల షాపులోనూ ఇవ్వరు.

దీనికి తోడు ఒక అరబ్బీ కాగితం. హెల్త్ కార్డు ఆగకముందు, కిందటిసారి లాస్యను ఆస్పత్రిలో చూపించడానికి వెళ్ళినప్పుడు కౌంటర్‌లో ఇచ్చారు. పెద్ద ముద్ర, కింద ఒక తేదీ. ఏమిటని అడిగితే ఆ అమ్మాయి వచ్చీరాని హిందీలో "రావాలి, తప్పకుండా రావాలి" అంది. అంతే, మాకు ఆ ముద్రను చూసే ధైర్యం పోయింది. దేశం విడిచి వెళ్ళమనే నోటీసని మా ఆయన అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. మడిచి బట్టల అడుగున పెట్టేశాను. ఎవరికైనా చూపిస్తే మా సంగతి బయటపడుతుందని భయం.

లాస్యలాంటి పిల్లలున్న తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ పెట్టిన మెసేజ్ చూసి నాకు మొదటిసారి దారి కనబడింది. వారం విడిచి వారం గురువారం ఉదయం, దోహాలో అల్ ముంతజా దగ్గర ఒక సేవా సంస్థ గదిలో, ఇలాంటి పిల్లలున్న పేద కుటుంబాలతో లాయర్లు ఉచితంగా మాట్లాడతారట. మా ఆయనకు చెప్పాను. "పేరు, అడ్రసు రాసుకుంటారు వాణీ. తర్వాత అవి ఎవరి చేతికి వెళతాయో మనకేం తెలుసు?" అన్నారు. ఆయనకు సెలవు దొరకలేదు. వెళ్ళొద్దని మాత్రం అనలేదు.

షమాల్ నుంచి దోహా వంద కిలోమీటర్లకు పైనే. బస్సుంది, చవక కూడా. కానీ స్టాపు దాకా ఎండలో చక్రాల కుర్చీ తోసుకువెళ్ళాలి, దారిలో ఫిట్స్ వస్తే బస్సు ఆపుతారో లేదో తెలియదు. టాక్సీ అయితే ఒకవైపుకే నూట యాభై రియాల్స్ దాకా అడుగుతారు. మా వీధి చివర ఉండే మల్లేష్ దేవుడిలా ఒప్పుకున్నాడు. జగిత్యాల దగ్గరి ఊరు అతనిది. సిమెంటు పని మీద వచ్చి, లైసెన్సు తెచ్చుకుని ఇప్పుడు ఒక కంపెనీలో పికప్ నడుపుతున్నాడు. ఆ గురువారం సామాన్ల కోసం దోహా వెళుతున్నాడు. వాళ్ళ ఫోర్‌మన్‌ను అడిగి మమ్మల్ని వెనక సీట్లో ఎక్కించుకున్నాడు.

ఉదయం ఆరుంబావుకు బయలుదేరాం. హైవే ఖాళీగా, తిన్నగా ఉంది. లాస్య కిటికీ అద్దానికి చెంప ఆనించి వెలుతురు చూసి నవ్వుతోంది. నాకు మాత్రం వెనక వచ్చే ప్రతి తెల్లబండీ పోలీసు బండిలాగే కనిపించింది.

అరగంట దాటాక నిజంగానే బండ్లు ఆపుతున్నారు. "అక్కా, సక్కగ కూసో. నువ్వేం మాట్లాడకు, నేను జెప్త" అన్నాడు మల్లేష్ ముందుకే చూస్తూ. పోలీసు అతని లైసెన్సు చూశాడు, వంగి వెనక్కి చూశాడు, కార్డు చూపించమన్నట్టు చెయ్యి చాపాడు. ఇవ్వకుండా ఉండలేను కదా, ఇచ్చాను. తేదీ దగ్గర అతని బొటనవేలు ఆగింది. కార్డు పట్టుకుని తన బండి దగ్గరికి వెళ్ళాడు. అతను తిరిగి రావడానికి మూడు నిమిషాలు పట్టిందేమో. ఆ కాసేపట్లో నేను మనసులో లాస్యను విమానం ఎక్కించేశాను, ఫిట్స్ తెప్పించేశాను, విమానంలో మందు లేక ఆమె నా ఒళ్ళో నీలిరంగుకు మారడం కూడా చూసేశాను. అతను తిరిగొచ్చి పాదాలు వంకరపోకుండా లాస్య కాళ్ళకు వేసిన పట్టీల బూట్లకేసి చూశాడు. మల్లేష్ ఏదో అరబ్బీ, ఏదో హిందీ కలిపి ఆస్పత్రి, వకీలు అని చెప్పాడు. పోలీసు "లాజిమ్ తజ్దీద్", అంటే రెన్యూ చేయించాలి, అని కార్డు నా చేతిలో పెట్టి, ఇక వెళ్ళమన్నట్టు "యల్లా" అన్నాడు. బండి కదిలాక కార్డును బ్యాగు అడుగున పెట్టేశాను.

ఎనిమిది దాటాక ముంతజా చేరాం. భవనం ముందు మెట్లున్నాయి, ర్యాంపు వెనక సందులో ఉంది. గది రెండో అంతస్తులో. అప్పటికే ఆరు కుటుంబాలు కూర్చున్నాయి. నేపాలీలు, ఈజిప్టువాళ్ళు, ఒక ఫిలిప్పినో తల్లి. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. "నేను కింద బండిల ఉంటా" అని వెళ్ళబోతున్న మల్లేష్‌ను, "తమ్ముడూ, లోపల కూర్చోవా, నాకు భయంగా ఉంది" అని ఆపాను. ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి ఏదో సర్దిచెప్పి వచ్చి కూర్చున్నాడు.

పదింబావుకు మమ్మల్ని పిలిచారు. లాయరు పేరు రుబీనా. హైదరాబాదులో పుట్టి దోహాలో పెరిగారట, నా పేరు వినగానే తెలుగులోకి మారారు. కార్డులు అడిగారు. నేను బ్యాగు గట్టిగా పట్టుకుని, "ఇవి పోలీసులకు ఇస్తారా మేడమ్?" అని అడిగేశాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "చూడండమ్మా, నేను మీ తరఫు మనిషిని. మీరు సరే అంటేనే ఏ కాగితమైనా ఈ గది దాటుతుంది. సరే అనకపోతే, మీరు ఇక్కడికి రానట్టే."

ముందు అరబ్బీ కాగితం తీసిచ్చాను. రుబీనా చదివి, మళ్ళీ పైనుంచి చదివారు. "ఇది ఎన్నాళ్ళుగా మీ దగ్గరుంది?" ఏడు వారాలని చెప్పాను. "అమ్మా, ఇది పంపించేసే నోటీసు కాదు. పాపకు వికలాంగుల కార్డు ఇవ్వడానికి డాక్టర్ల కమిటీ పిలిచింది. తేదీ పదకొండు రోజుల కిందట అయిపోయింది."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపు కూడా రాలేదు. మేము దాచిపెట్టింది మా పిల్లకు రావలసిన సాయాన్ని. మా ఆయనకు ఈ మాట ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే పక్కన చక్రాల కుర్చీ చప్పుడైంది. లాస్య మెడ వెనక్కి విరుచుకుపోతోంది. సీట్‌బెల్టు విప్పి నేలమీద పక్కకు తిప్పి పడుకోబెట్టాను. మల్లేష్ తన చొక్కా విప్పి మడిచి తల కింద పెట్టాడు. రుబీనా మోకాళ్ళ మీద కూర్చుని గడియారం చూస్తూ నిమిషాలు పైకి చెబుతున్నారు. రెండు. మూడు. నాలుగు దాటాక ఒళ్ళు సడలింది. పొద్దున మందు వేశానే, ఎందుకిలా అయింది అని నేను అడుగుతుంటే, "కొలత తగ్గించారా?" అన్నారావిడ నెమ్మదిగా. తగ్గించాను. ఇంకో రోజు వస్తుందని మూడు రోజులుగా సగం సగం పోస్తున్నాను. ఆ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు.

"ఇక్కడి నుంచి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. అక్కడ ముందు పిల్లను చూస్తారు, కార్డు తర్వాత చూస్తారు" అంటూ రుబీనా గబగబా రాశారు. మూడు అర్జీలు. కంపెనీ మీద ఫిర్యాదు, మా ఆయన వేరే కంపెనీకి మారడానికి అనుమతి, కమిటీకి మళ్ళీ పిలవమని విన్నపం. సంతకం పెట్టమన్న చోట నా పేరు తప్పు రాసి, కొట్టేసి మళ్ళీ రాశాను. ఆవిడ ఇంకా చాలా చెప్పారు. నేను తలూపాను గానీ ఒక్క ముక్కా ఎక్కలేదు.

ఎమర్జెన్సీలో గడువు తీరిన కార్డు చూసి కౌంటర్‌లో అబ్బాయి కనుబొమలు ఎగరేశాడు. నర్సు మాత్రం అప్పటికే లాస్యను లోపలికి తీసుకుపోయింది. మధ్యాహ్నం మూడుకు నెలకు సరిపడా మందుతో బయటికొచ్చాం. మల్లేష్ తన సామాన్లు ఎక్కించుకుని వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పెట్రోలుకని యాభై ఇస్తే ఇరవై తీసుకున్నాడు.

ఐదున్నరకు ఇల్లు చేరేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉన్నారు. "ఏమన్నారు?" అంటే నేను మల్లేష్ వైపు చూశాను. మల్లేషే చెప్పాడు. "అన్నా, వకీలమ్మ మూడు మాటలు జెప్పింది. మీ కంపెనీల ఏ కాయితం మీద సంతకం వెట్టకు. లేబర్ ఆఫీసుల ఫిర్యాదుకు ఫీజు లేదు, ఆదివారం పొద్దుగాల నువ్వే పోవాలె. పిల్ల మందు కొలత మాత్రం తగ్గియ్యొద్దన్నది." మూడో మాట దగ్గర మా ఆయన నాకేసి చూశారు. కాగితం సంగతి నేనే చెప్పాను. ఆయన లాస్య పక్కన నేలమీద కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టారు, చాలాసేపు ఆ పట్టీలతోనే ఉండిపోయారు.

ఇది జరిగి రెండు నెలలు దాటింది. ఆయన కొత్త కంపెనీలో చేరారు, ముగ్గురి కార్డులూ వచ్చాయి. కమిటీ తేదీ మాత్రం ఇంకా రాలేదు. పోగొట్టుకున్న వరుసలో మళ్ళీ చివర నిలబడ్డాం. భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. తలుపు కొట్టిన చప్పుడైతే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ మూడు నెలలూ మా పిల్లకు ఎక్కువ హాని చేసింది పోలీసులూ కాదు, ముద్రలూ కాదు. ఎవరినీ అడగకుండా మేమిద్దరం తలుపు వేసుకుని కూర్చోవడం. మా దగ్గర లేని ధైర్యం ఎక్కడినుంచో రాలేదు, మందు అయిపోయింది కాబట్టి బయలుదేరామంతే.

ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఒంటరిగా వెళ్ళకండి. పక్కింటివాళ్ళో, డ్రైవరో, ఎవరైనా సరే, లాయరు గదిలోకి మీతోపాటు తీసుకెళ్ళి, చెప్పినదంతా వాళ్ళను ఫోన్‌లో రాసుకోమనండి. ఆ గదిలో మీ కళ్ళు మీ పిల్ల మీదే ఉంటాయి. వినడానికి ఇంకో మనిషి కావాలి.