అవ్వ జాజు పూసిన గోడ

నా చిన్నప్పుడే మా ఊరు నీళ్లలోకి పోయింది. కొల్లాపూర్ దిక్కున, కృష్ణ ఒడ్డున ఉండే ఊరు. కింద ఆనకట్ట కట్టారు, ఊరు ఖాళీ చేయమన్నారు. ఆ ఎండాకాలమంతా మా ఊళ్లో ఎవరి ఇల్లు వాళ్లే కూల్చుకున్నారు. దూలాలు, దర్వాజలు ఊడబీకి బండ్లకెత్తారు. తాను కట్టుకున్న గోడను తానే గడ్డపారతో పొడవడం ఎంత పాడు పనో చూసినవాళ్లకే తెలుస్తుంది.

మేము వెళ్లాల్సిన రోజు మా అవ్వ, మా నాన్నను, అంటే బాపును కన్న తల్లి, పొద్దున్నే జాజు కలుపుకుని కూర్చుంది. పండుగలకు గోడలకు పూసే ఎర్రమట్టి అది. కప్పు లేని ఇంటికి, దర్వాజ లేని గోడకు గుడ్డ ముంచి పూస్తోంది. మతి గాని తప్పిందా అని బాపు విసుక్కున్నాడు.

"సచ్చినోళ్లకు గూడ తానం పోసే గద సాగనంపుతం," అంది అవ్వ.

బాపు ఎడ్లను బండికి కట్టడానికి పోయాడు.

నేను ఆమె పక్కనే ఏడుస్తూ కూర్చున్నాను. రేపటినుంచి ఊరు ఉండదు, అది ఎట్లా ఉండేదో మర్చిపోతానేమోనని నా భయం. అవ్వ నన్ను ఊరుకోబెట్టలేదు. కళ్లు మూసుకుని మా వాడలో ఏ ఇంటి తర్వాత ఏముందో చెప్పమంది. చెప్పుకుంటూ పోయాను. వడ్రంగం చేసే వడ్లాయన కొట్టం దగ్గర ఆగిపోయాను.

"పోయి సూసి రా బిడ్డా. చేతితోని ముట్టి రా."

పోయి చూశాను. కొట్టం పక్కన రాతి తొట్టి, దాని అంచు ఒకవైపు బాగా అరిగి ఉంది. తిరిగి రాగానే మళ్లీ కళ్లు మూయించింది, మళ్లీ తప్పాను, మళ్లీ పంపింది. బండి కదిలేదాకా ఇదే పని. ఏ గోడకు ఎక్కడ పగులుందో, ఎండ ఏ అరుగు మీద వాలుతుందో ఆ పూటే నా మనసుకెక్కింది. ఏడుపు ఎప్పుడు ఆగిందో గుర్తులేదు.

కొత్త జాగాలో, రేకుల కొట్టంలో, అవ్వ ఆ చలికాలం దాటలేదు.

పెద్దయ్యాక నేను బొమ్మలు వేసేవాణ్ణయ్యాను. వేసవిలో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్లి, ఒండ్రులో తేలిన మొండిగోడల మధ్య కూర్చుంటాను. అక్కడి మట్టినే రంగులో కలుపుతాను. గీత పెట్టేముందు కళ్లు మూసుకుని వాడంతా ఒకసారి నడుస్తాను. ఎక్కడ తడబడితే అక్కడికి లేచి వెళ్లి, ఆ రాయినో గోడనో ముట్టి వస్తాను.

తెలంగాణ వచ్చిన తర్వాత ఒకసారి మహబూబ్‌నగర్‌లో నా బొమ్మలు పెట్టారు. అప్పటి మా పక్కింటి అక్క, ఇప్పుడు నడుము వంగిపోయింది, మనవరాలి చేయి పట్టుకుని వచ్చింది. గడప గడపనూ వేలుపెట్టి చూపిస్తూ అది ఎవరి ఇల్లో ఆ పిల్లకు చెప్పింది. అన్నీ చూశాక నా వైపు తిరిగింది.

"ఊరంతా గీసినవు తమ్మీ. మీ అవ్వ యాడుంది?"

అవ్వ ఫొటో ఒక్కటైనా లేదు. ఆ రోజు ఊరి గోడలన్నీ చూసి రమ్మంది గానీ, తనను చూడమని చెప్పలేదు. జాజు పూసే ఆ చేయి గుర్తుంది, మోచేతి దాకా అంటిన ఎరుపు గుర్తుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఏమీ కనపడదు.

ఇప్పటికీ ఏ బొమ్మ మొదలుపెట్టినా ముందు కళ్లు మూసుకుని ఆ ముఖం కోసమే వెతుకుతాను. అక్కడ ఆగిపోతాను. పోయి చూసి రావడానికి చోటు లేదు.