గొంతెత్తి చదివిన జవాబు

మంగళవారం, పొద్దున్న పదకొండుంపావు. గోడ గడియారం చూసి కాగితం మీద నేనే వేసుకున్నాను. ఏ ఇంట్లోనైనా ప్రశ్నలు మొదలుపెట్టే ముందు వారమూ గంటా రాయాలని మాకు నేర్పారు. కాబట్టి ఆ గంట విషయంలో నాతో ఎవరూ వాదించనక్కరలేదు. చోటు నిమ్‌పురా రైల్వే క్వార్టర్సు, చివరి వరస.

అక్కడికి నేను నిపుణురాలిగా వెళ్లాను. సేవా సంఘాలు మేమింత మంచి చేశామని చెప్పుకుంటే, అది నిజమో కాదో ఇంటింటికీ తిరిగి తేల్చే సంస్థ ఒకటి కలకత్తాలో ఉంది. ఊరూరా దానికి తోడుపడే నిపుణులుంటారు. ఖరగ్‌పూర్‌లో ఒక రిటైరైన డాక్టరు, ఒక కాలేజీ మేడం, నేను. వాళ్లకు డిగ్రీలున్నాయి. నాకు రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్ల ఖలాసీ చాకిరీ ఉంది, ఏ ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసు. అక్షరాలు యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. పైకి పలికితే గాని నాకు అక్షరం లొంగదు. మనసులో చదువుకోవడం ఈ రోజుకీ రాదు. శిక్షణలో ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసింది. చెప్పలేదు.

పెళ్లాలను కొట్టడం మాన్పించడానికి ఒక సంఘం మూడేళ్లుగా నిమ్‌పురాలో మగవాళ్లకు మీటింగులు పెడుతోంది. మేము తేల్చాల్సింది ఆ పని సంగతే. మేము వెళ్లిన ఇంటాయన షెడ్డులో ఫిట్టరు, ఆ మీటింగుల్లో పెద్ద. మైకు పట్టుకుని ‘నేను మారినాను, మీరూ మారండి’ అని చెప్పేవాడు.

నాతో కలకత్తా నుంచి లెక్కలు కట్టే అమ్మాయి వచ్చింది. తెలుగు ముక్క రాదు. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే అడగకూడదని రూలు. ఆ ఇల్లాలే ధైర్యం చెప్పింది.

“ఆయన డూటీకెల్లిపోనాడు. మా అత్త కుళాయికాడుంది. అడుగు పిన్నీ.”

“కొట్టడం మానేసినాడేటే?”

“మానేత్తే నిన్ను లోపలికెందుకు రమ్మంతాను? ఇదివరకు మొకం మీద కొట్టీవోడు. ఇప్పుడు ఈపు మీద, తొడల మీద. మచ్చ కనబడితే కేసవుద్దని ఆ మీటింగుల్లోనే నేర్సుకున్నాడు.”

రాశాను. రాసింది సరిగ్గా ఉందో లేదో చెప్పినవాళ్లకు మెల్లగా చదివి వినిపించాలి. నాకు మెల్లగా రాదు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో అక్షరం ఒత్తి, గొంతెత్తి చదివాను. వీపు మీద. తొడల మీద. మీటింగుల్లోనే నేర్చుకున్నాడు.

గేటు పాసు మరిచిపోయి వెనక్కి వచ్చిన ఆమె మొగుడు వరండాలో ఉన్నాడు.

లోపలికి దూసుకొచ్చాడు. ఆమె జుట్టు పట్టి తల బీరువాకేసి కొట్టాడు. రేకు గంటలా మోగింది. రెండోసారి కొడితే మోగలేదు, చెవిలోంచి రక్తం మెడ మీదికి దిగింది. కలకత్తా అమ్మాయి “దాదా, ఛాడున్!” అని, వదలమని బెంగాలీలో అరుస్తూ అడ్డం వెళ్లింది. మోచేత్తో దాని మూతి మీద గుద్దాడు. అది స్టూలుతో సహా వెనక్కి పడింది. భుజాన ఉన్న సంచిలోంచి స్పానరు తీసి పెళ్లాం మోకాలి మీద దించాడు. ఎముక చప్పుడు విన్నాను. వర్క్‌షాప్‌లో ఇనుము చప్పుళ్లు చాలా విన్నాను గాని అది వేరు.

పొయ్యి మీద అట్లపెనం ఉంది. రెండు చేతులా ఎత్తి అతని మణికట్టు మీద వేశాను. స్పానరు జారింది. చెయ్యి వంకరగా వేలాడింది. ఇంకోటి వేశాను, భుజం మీద. అదేమీ అవసరం కాదు. అయినా వేశాను.

వాడు గోడకు జారబడి అరుపు. “ముసిల్దానా, ఏటి రాసినావే? సింపెయ్! లేపోతే దీన్ని ఇక్కడే పాతేత్తాను!”

అత్త నీళ్ల బిందెతో గుమ్మంలోకి వచ్చింది. కొడుకు చెయ్యి చూసింది, కోడలి చెవి చూసింది. “సింపెయ్ ఒదినా, నీకు దండం పెడతాను. కొంప కూలిపోద్ది.”

కాగితం నా చేతిలోనే ఉంది, మూల రక్తంలో తడిసి. చింపేద్దామనే అనుకున్నాను, నిజం చెబుతున్నా. ఆ గొడవ ఆగితే చాలనిపించింది. రెండు వేళ్లతో పట్టుకున్నాను కూడా.

“సింపకు పిన్నీ.” నేల మీద నుంచి ఆమె. అప్పటికి ఇరుగూ పొరుగూ గుమ్మం నిండా ఉన్నారు. “ఇందాక నానొక్కత్తినే విన్నాను. ఇప్పుడందరూ ఉన్నారు. మల్లీ సదువు. ఇందాకట్లాగే.”

చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు. బెంగాలీ వాళ్లకు కలకత్తా అమ్మాయి తను చూసింది చెప్పబోయింది, పెదవి చిట్లి మాట రాలేదు. నేను చదివింది పక్కింటి గార్డు బెంగాలీలో చెప్పాడు. ఆ తర్వాతే ఆమె తనను ఆసుపత్రికి టోటో రిక్షా ఎక్కించనిచ్చింది.

ఆమెకు ఎడమ చెవి వినికిడి పోయింది. మోకాలు అతికింది గాని ఈడుస్తూ నడుస్తోంది. ఇప్పుడు ఊళ్లోనే, మలంచాలో అక్క ఇంట్లో ఉంటోంది. మా సంస్థ రూలు తప్పానని రాసింది. నిజమే, తప్పాను, ఆ చెవి నా గొంతు వల్లే పోయింది. కాగితాన్ని మాత్రం నివేదికలోంచి తియ్యలేదు. అతనేమో ఆమె స్నానాల గదిలో జారిపడిందని, ఆ పూట ఇంట్లో ఎవరూ లేరని కేసులో చెబుతున్నాడు. మీటింగులు పెట్టే సంఘమూ అతని వైపే.

పేర్లు పోలీసు కాగితాల్లో ఉన్నాయి, ఇక్కడ రాయను. మనుషులను రాస్తాను. ఆ మంగళవారం అక్కడ ఉన్నవాళ్లు: పెదవి చిట్లిన కలకత్తా అమ్మాయి. బిందెతో అతని తల్లి. పక్కింట్లో రిటైరైన గార్డు, చర్చికి తప్ప గడప దాటని అతని భార్య. ఎదురింటి బెంగాలీ మొగుడూ పెళ్లాలు. మమ్మల్ని దింపి బయట ఆగిన ఒడియా టోటో అతను. కొట్టినవాడు. దెబ్బలు తిన్నది. చదివిన నేను.